హస్తవాసి వాటా ఎంత, మాత్ర వాటా ఎంత

నెల్లూరు పొగతోటలో సాయంత్రం ఆరు దాటితే ఏ ఆస్పత్రి గుమ్మం ముందు చూసినా చెప్పులే. ఉదయగిరి, పామూరు, వింజమూరు బస్సులు దిగి వచ్చినవాళ్లు బెంచీల మీద కూర్చుని డాక్టర్ల గురించి మాట్లాడుకుంటుంటారు. ఆ మాటల్లో డిగ్రీల ఊసు తక్కువ, హస్తవాసి ఊసు ఎక్కువ. "ఆయన నాడి పట్టుకుంటే చాలబ్బయ్యా, సగం తగ్గిపోద్ది" అంటారు. చదువుకున్నవాళ్లు ఈ మాట విని నవ్వుతారు. డిప్రెషన్ వరకూ మాత్రం నవ్వడానికి వీల్లేదు. మందుల పరీక్షల లెక్కలు తీస్తే ఆ "సగం" తక్కువ అంచనాయే.

లెక్క అర్థం కావాలంటే పరీక్ష ఎలా జరుగుతుందో తెలియాలి. రోగుల్ని చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకు అసలు మాత్ర. రెండో గుంపుకు రంగు, సైజు అన్నీ అలాగే ఉండి లోపల మందు లేని ఉత్తుత్తి మాత్ర. దీన్నే ప్లాసిబో అంటారు. "సంతోషపెడతాను" అని లాటిన్‌లో దాని అర్థం. ఎవరికి ఏది పడిందో రోగికీ తెలియదు, మార్కులు వేసే డాక్టరుకూ తెలియదు. ఇలా ఆరు నుంచి ఎనిమిది వారాలు నడుస్తుంది. మార్కులకు ఎక్కువగా వాడేది 1960లో మాక్స్ హామిల్టన్ తయారుచేసిన 17 అంశాల స్కేలు. మొత్తం 52 మార్కులు. ఎన్ని ఎక్కువొస్తే జబ్బు అంత ముదిరినట్టు.

కంపెనీలు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు సమర్పించిన 35 పరీక్షల్ని ఇర్వింగ్ కిర్ష్ బృందం 2008లో కలిపి చూసింది. మందు వాడినవాళ్లకు సగటున 9.6 మార్కులు తగ్గాయి. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లకు 7.8 తగ్గాయి. అంటే మందు గుంపులో వచ్చిన మార్పులో నూటికి ఎనభై పాళ్లు మందు లేకుండానూ వచ్చింది. మిగిలిన తేడా 1.8. కనీసం 3 మార్కుల తేడా ఉంటేనే రోగికి తెలిసేంత ప్రయోజనమని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ అప్పట్లో గీత గీసుకుని ఉంది. "డిప్రెషన్ మందులు ఉత్త చక్కెర బిళ్లలు" అన్న ప్రచారానికి ఈ లెక్కే పెద్ద ఆధారం.

ఆ ప్రచారం సగమే నిజం. ముందు స్కేలు సంగతి. హామిల్టన్ 17 అంశాల్లో మూడు నిద్రవే. వాటికి కలిపి 6 మార్కులు. కాస్త మత్తు తెచ్చే మాత్ర ఏదైనా, దిగులును ముట్టుకోకుండానే ఒకటి రెండు మార్కులు తగ్గించగలదు. ఆ రకంగా 1.8 అన్నది మందుకు ఉదారంగా వేసిన మార్కు. ఇంకో రకంగా చూస్తే పిసినారి మార్కు కూడా అదే, ఎందుకంటే అది సగటు. ఊళ్లో ఎకరానికి సగటున బస్తా దిగుబడి పెరిగిందంటే అందరికీ తలా ఒక బస్తా పెరిగిందో, ఏడుగురిలో ఒకరికి ఏడు బస్తాలు పెరిగాయో సగటు చెప్పదు. డిప్రెషన్ మందుల విషయంలో రెండోదానికే దగ్గర. 232 పరీక్షల్లో పాల్గొన్న 73,388 మంది వివరాలను ఒక్కొక్కరివిగా తీసి 2022లో చూస్తే సగటు తేడా మళ్లీ 1.75 దగ్గరే వచ్చింది. కానీ జబ్బు బాగా తగ్గిపోయినవాళ్లు మందు గుంపులో 24.5 శాతం, ఉత్తుత్తి గుంపులో 9.6 శాతం. ప్లాసిబో ఇవ్వలేని పెద్ద మేలు మందు వల్ల పొందేది సుమారు 15 శాతం మంది. ఆ ఏడుగురిలో ఒకరు ఎవరన్నది ముందుగా పసిగట్టే రక్తపరీక్షగానీ స్కానింగ్‌గానీ వైద్యులకు ఇంకా చేతికి రాలేదు. వాడి చూడాల్సిందే.

అచ్చయిన కాగితాలు చదివి మందును అంచనా వేయడంలో ఇంకో చిక్కుంది. నెల్లూరు వాళ్లకు రొట్టెల పండుగ తెలియంది కాదు. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. ఆరోగ్య రొట్టె, చదువు రొట్టె, పెళ్లి రొట్టె. పద్ధతి ప్రకారమే ఇచ్చేవాళ్లందరూ కోరిక తీరినవాళ్లు. తీరనివాళ్లు ఎంతమందో ఆ నీళ్లలో నిలబడి లెక్కపెట్టడం కుదరదు. భక్తికి ఆ లెక్క అక్కర్లేదు గనక అక్కడ ఇబ్బందేమీ లేదు. వైద్య పత్రికలూ అలాగే నడిచాయన్నదే ఇబ్బంది. డిప్రెషన్ మందుల మీద ఎఫ్‌డీఏ దగ్గర నమోదైన 74 పరీక్షల్లో 31 శాతం అచ్చే కాలేదని 2008లో తేలింది. అచ్చయినవే చదివితే 94 శాతం మందు నెగ్గినట్టు. మొత్తం దస్త్రం తెరిస్తే 51 శాతం. ఆ తర్వాత 2018లో అచ్చుకానివాటినీ వెతికి పట్టి 522 పరీక్షలు, 1,16,477 మందితో లెక్కేశారు. 21 మందులూ ప్లాసిబో మీద నెగ్గాయి గానీ, నెగ్గిన తేడా ఒక మోస్తరే.

ఇక ఉత్తుత్తి మాత్ర ఖాతాలో పడిన ఆ 7.8 మార్కుల సంగతి. దాన్నంతా "నమ్మకం మహిమ" అనడం తేలిక. అదే పెద్ద పొరపాటు. ఆ సంచిలో నాలుగైదు వేర్వేరు సరుకులు కలిసి ఉన్నాయి.

విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల దగ్గర తిరిగేవాళ్లకు మొదటి సరుకు చప్పున తెలుస్తుంది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, రొయ్య పైకి తేలుతుంది. రైతు కంగారుపడి ఏరేటర్లన్నీ తిప్పి, దుకాణంవాడు ఇచ్చిన పొడి కూడా చల్లుతాడు. పొద్దెక్కి ఎండ పడేసరికి నీళ్లలోని నాచే ఆక్సిజన్ తయారుచేస్తుంది, రొయ్య కిందికి దిగుతుంది. పేరు పొడికి దక్కుతుంది. డిప్రెషన్ కూడా ఎగుడుదిగుళ్ల జబ్బు. మనిషి డాక్టరు దగ్గరికి వచ్చేది అన్నిటికంటే అడుగున ఉన్న రోజుల్లో. అడుగు నుంచి దారి ఎక్కువగా పైకే ఉంటుంది. వైద్యమేమీ అందనివాళ్లను గమనించిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే మూడు నెలల్లో 23 శాతం మందికి, ఆరు నెలల్లో 32 శాతం మందికి, ఏడాదిలో 53 శాతం మందికి డిప్రెషన్ దానంతట అదే తగ్గిపోయింది. ఇది హస్తవాసీ కాదు, నమ్మకమూ కాదు, కాలం. మిగతా 47 శాతం మందికి ఏడాది గడిచినా తగ్గలేదన్న సంగతి కూడా ఆ అంకెలోనే ఉంది.

రెండో సరుకు మార్కులు వేసే చేతిలో ఉంటుంది. పరీక్షలో చేర్చుకోవాలంటే ఇన్ని మార్కులు దాటాలని నియమం ఉంటే, చేర్చుకునే రోజున తెలియకుండానే ఒకటి రెండు ఎక్కువ పడతాయి. తర్వాతి వారం ఆ అవసరం ఉండదు గనక "తగ్గుతాయి". కొలతలో పుట్టిన ఈ తగ్గుదల రోగి ఇంటికి చేరదు.

మూడోది పలకరింపు. పరీక్షలో ఉన్న మనిషిని వారం వారం ఎవరో ఒకరు అరగంట కూర్చోబెట్టి నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, చచ్చిపోవాలని అనిపిస్తోందా అని అడుగుతారు. ఏ ఇంట్లో అడుగుతారు ఈ ప్రశ్నలు? ఈ పలకరింపును విడిగా తూచిన పరీక్ష డిప్రెషన్ మీద కాదు, పేగుల జబ్బు ఐబీఎస్ మీద 2008లో జరిగింది. 262 మందిని మూడు భాగాలు చేశారు. వైద్యమేమీ ఇవ్వకుండా ఊరికే వరుసలో ఉంచినవాళ్లలో 28 శాతం మంది తగినంత ఉపశమనం వచ్చిందన్నారు. మాటామంతీ లేకుండా ఉత్తుత్తి ఆక్యుపంక్చర్ (సూదుల వైద్యం) చేయించుకున్నవాళ్లలో 44 శాతం. అదే ఉత్తుత్తి వైద్యానికి ఓపికగా వినడం, నమ్మకంగా మాట్లాడటం తోడైతే 62 శాతం. 44కూ 62కూ మధ్య ఉన్న 18 శాతాన్ని పొగతోట బెంచీల మీద ఏమంటారో చెప్పనక్కర్లేదు.

ఇవన్నీ తీసేశాక మిగిలేదే అసలైన ఆశ ప్రభావం, తగ్గుతుందని ఎదురుచూడటం వల్ల కలిగే మార్పు. అది చిన్నదే కావచ్చు, కల్పితం మాత్రం కాదు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో డిప్రెషన్ ఉండి మందు మొదలుపెట్టని 35 మందికి, త్వరగా పనిచేసే మందు కావచ్చని చెప్పి వారం పాటు ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. మెదడు స్కానింగ్ చేస్తే కొందరిలో శరీరం సొంతంగా తయారుచేసుకునే నల్లమందు లాంటి రసాయనాలు ఎక్కువగా విడుదలయ్యాయి. వాళ్లకే దిగులు ఎక్కువ తగ్గింది. ఆ తర్వాత పది వారాలు అసలు మందు ఇస్తే, దానికీ వాళ్లే బాగా స్పందించారు. 2015లో వెలువడిన ఈ ఫలితం ఒక పాత అపోహను తుడిచేస్తుంది. ప్లాసిబోకు తగ్గితే జబ్బు ఉత్తిదని కాదు. ఆశకు కదిలే మెదడే మందుకూ కదులుతోంది.

ఆ ఆశ మందు బలాన్నే మార్చేయగలదు. స్వీడన్‌లో, జనంలోకి వెళ్లాలంటే బిగుసుకుపోయేవాళ్లకు ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందు 20 మిల్లీగ్రాములు ఇచ్చారు. అందరికీ అదే మందు, అదే మోతాదు. సగం మందికి నిజం చెప్పారు. మిగతా సగానికి "దుష్ప్రభావాలు ఉంటాయి గానీ గుణమిచ్చే మందు కాదు" అని అబద్ధం చెప్పారు. నిజం తెలిసినవాళ్లలో సగం మందికి తగ్గింది. అబద్ధం విన్నవాళ్లలో నూటికి 14 మందికే తగ్గింది. 2023లో స్టాన్‌ఫర్డ్‌లో దీనికి తిరగేసిన పని చేశారు. డిప్రెషన్ ఉండి ఏదో ఆపరేషన్‌కు వచ్చిన 40 మందికి, మత్తులో ఉండగా సగం మందికి డిప్రెషన్‌కూ వాడే కెటమిన్ అనే మత్తుమందు, సగం మందికి సెలైన్ ఎక్కించారు. ఏది ఎక్కిందో వాళ్లకు తెలిసే దారే లేదు. రెండు గుంపుల్లోనూ దిగులు మార్కులు దాదాపు సగానికి పడిపోయాయి, రెండింటికీ తేడా లేదు. మేలు జరుగుతుందని గట్టిగా ఎదురుచూసినవాళ్లకు మార్కులు ఎక్కువ తగ్గాయి.

విరిగిన ఎముక మీద పనిచేయని ఆశ దిగులు మీద ఎందుకు పనిచేస్తుంది? డిప్రెషన్‌లో నిరాశ పక్కనుండే విషయం కాదు, అదే జబ్బు లక్షణం. "ఇంక నాకు బాగుపడేది లేదు" అన్నది రోగి అభిప్రాయం లాగా వినిపిస్తుంది గానీ, జ్వరంలో ఒళ్లు కాలడం లాంటిదే. కాబట్టి ఆశ కొంచెం కదిలినా జబ్బులో ఒక ముక్క కదిలినట్టే. అదే కారణంగా డిప్రెషన్‌లో ఆశ పుట్టించడం కష్టం కూడా. దిగులు మనసు మంచి కబురును నిలవనీయదు. ఒక పూట హాయిగా గడిస్తే "ఏదో ఆ పూటకు అలా జరిగింది" అని పక్కకు నెట్టేస్తుంది. చెడ్డ పూట మాత్రం సాక్ష్యంగా దాచుకుంటుంది. "ధైర్యంగా ఉండబ్బయ్యా, అన్నీ నువ్వు అనుకోవడంలోనే ఉంది" అనే సలహా ఇక్కడే దెబ్బతింటుంది. అనుకోగలిగే సత్తువే జబ్బు తినేసింది.

నమ్మకం ఎదురు కూడా తిరుగుతుంది. దీనికి నొసీబో అని పేరు. డిప్రెషన్ మందు పరీక్షలో ఉన్న 26 ఏళ్ల యువకుడు ఒకసారి ఆవేశంలో తన దగ్గరున్న 29 క్యాప్సూళ్లూ మింగేశాడు. అత్యవసర విభాగానికి వచ్చేసరికి బీపీ 80/40, వణుకు, ఆయాసం. విచారిస్తే అతను ఉన్నది ఉత్తుత్తి మాత్రల గుంపులో. ఆ సంగతి చెప్పిన పావుగంటలో బీపీ సర్దుకుంది. వైద్య పత్రికలో 2007లో నమోదైన కేసు ఇది. నొసీబో నాటకం కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మన ఊళ్లలో నొసీబో మోతాదు ఇంట్లోనే అందుతుంది. "ఏందా మాత్రలు? నిద్రమాత్రలంట, అలవాటు పడితే జన్మంతా మింగాల్సిందే", "అయ్యి తింటే వేడి చేస్తయ్యి, నరాలు చచ్చుపడతయ్యి." మందు మొదలుపెట్టిన మూడో రోజు వికారంగా ఉంటే చాలు, ఆ మాటలన్నీ నిజమైపోతాయి. మందుల షాపులో బ్రాండు మారితే ఇంకో దెబ్బ. జనఔషధి దుకాణంలో అదే మందు వేరే రంగులో వస్తే "ఇది పనిచేయట్లేదు" అనేవాళ్లు అబద్ధమాడటం లేదు. న్యూజిలాండ్‌లో 2007లో థైరాయిడ్ మాత్ర రంగు పసుపు నుంచి తెలుపుకు మారింది, లోపలి మందు అదే. ముప్పై ఏళ్లలో 14 ఫిర్యాదులు వచ్చిన మాత్రకు ఆ తర్వాత ఏడాదిన్నరలో 1,400 దాకా వచ్చాయి.

ఇటువైపు పల్లెల్లో దిగులుకు తొలి వైద్యం ఇప్పటికీ చాలాసార్లు సెలైన్ బాటిలే. "నీరసం, నరాల బలహీనత" అని వెళితే ఆర్‌ఎంపీ ఒక బాటిల్ ఎక్కించి, బి కాంప్లెక్స్ సూది వేస్తాడు. 500 మిల్లీలీటర్ల మామూలు సెలైన్‌లో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు. 5 శాతం గ్లూకోజ్ బాటిల్ అయితే 25 గ్రాముల గ్లూకోజ్, అంటే ఒక అరటిపండుకు అటూఇటూ. అయినా మూడు రోజులు మనిషి తేలికపడతాడు. మూడు గంటలు మంచం మీద పడుకోనిచ్చారు, ఇంటిల్లిపాదీ పక్కన కూర్చున్నారు, సూది గుచ్చారు, చుక్క చుక్కా లోపలికి దిగడం కళ్లారా చూశాడు. మాత్ర కంటే సూది గట్టి ప్లాసిబో. దానికి తోడు బి కాంప్లెక్స్‌లోని రైబోఫ్లేవిన్ మూత్రాన్ని పచ్చగా చేస్తుంది. మందు ఒంట్లో పనిచేస్తోందనడానికి రోగికి ఇంకేం రుజువు కావాలి? పెద్ద పరీక్షల్లోనూ ఈ మెలికే ఉంది. నోరు ఎండిపోవడమో వికారమో రాగానే తనకు పడింది అసలు మందేనని రోగి కనిపెట్టేస్తాడు, దాంతో ఆశ పెరిగి మందు గుంపు మార్కులు ఇంకాస్త బాగుపడతాయి. సెలైన్ దగ్గర నష్టం డబ్బొక్కటే కాదు. నాలుగో రోజు దిగులు తిరిగొస్తే ఇంకో బాటిల్, అలా ఆరు నెలలు గడుస్తాయి.

తెలిసి తెలిసి ఉత్తుత్తి మాత్ర ఇస్తే సరిపోదా అనే ఆలోచన కూడా ఉంది. "ఇందులో మందు లేదు, అయినా వాడండి" అని చెప్పి ఇస్తే ఐబీఎస్‌లో కొంత ఫలితం వచ్చింది. డిప్రెషన్‌లో 20 మందితో రెండు వారాలు చేసిన చిన్న ప్రయత్నంలో గట్టి తేడా తేలలేదు. చెప్పకుండా ఇవ్వడం మోసం. అన్నిటికంటే ముఖ్యం, ప్లాసిబో నిలబడదు. మందుతో కోలుకున్నవాళ్లలో కొందరిని ఉత్తుత్తి మాత్రకు మార్చి చూసిన 31 పరీక్షల్లో జబ్బు తిరగబెట్టింది 41 శాతం మందికి. మందు కొనసాగించినవాళ్లలో 18 శాతానికే. మందు మానేసినప్పుడు వచ్చే తలతిప్పు, చిరాకు కొన్నిచోట్ల తిరగబెట్టినట్టు కనిపించి ఉండొచ్చు. తేడా అంతా దానివల్లే అనడానికి మాత్రం లేదు.

అప్పుడు చేయగలిగేది ఆశను సరైన మందు మీదికి మళ్లించడం. మొదటి రోజు అయిదు నిమిషాల మాట ఇక్కడ మోతాదంత ముఖ్యం. ఎస్సిటాలోప్రామ్ అయితే సాధారణంగా 5 మిల్లీగ్రాములతో, అన్నం తిన్నాక మొదలుపెట్టి వారం తర్వాత 10కి పెంచుతారు. రోగికి చెప్పాల్సింది ఇలా ఉండాలి: ఇది నిద్రమాత్ర కాదు, ఆందోళనకు, నిద్రకు ఇచ్చే అల్ప్రాజోలామ్ లాగా అలవాటు పడే మందు కాదు. మొదటి వారం పది రోజులు వికారం, తలనొప్పి, విరేచనాలు రావచ్చు, చాలామందికి రావు, వచ్చినా ఎక్కువగా వాటంతటవే పోతాయి. లైంగిక కోరిక తగ్గితే అది దానంతట పోకపోవచ్చు, సిగ్గుపడకుండా చెప్పాలి. రెండు వారాల దాకా పెద్ద మార్పు కనిపించకపోవచ్చు, నాలుగు వారాలకూ ఏమీ లేకపోతే మోతాదో మందో మార్చాలి. ఈ వరుస ముందే విన్నవాడికి మూడో రోజు వికారం చెప్పినట్టే వచ్చిన చుట్టం. విననివాడికి అది ఇంట్లోవాళ్ల మాటకు రుజువు.

ఆశ పెంచాలని అసలు ప్రమాదాలు దాచడం మాత్రం పనికిరాదు. పాతికేళ్ల లోపు వాళ్లలో మొదటి వారాల్లో చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరగవచ్చు, ఇంట్లో ఒకరికి ఈ సంగతి తెలిసి ఉండాలి. నిద్ర లేకపోయినా అలుపు లేకుండా హుషారుగా, ఖర్చులు మీరి తిరిగిన రోజులు ఎప్పుడైనా ఉన్నాయేమో ముందే అడగాలి. అది దిగులూ అతి హుషారూ మారిమారి వచ్చే బైపోలార్ జబ్బు అయితే, ఈ మాత్ర ఒక్కటే ఇస్తే మనిషి ఆ అతి హుషారులోకి జారిపోవచ్చు. తగ్గాక కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడి, మెల్లగా తగ్గించుకుంటూ మానాలి.

ఎక్కువ మంది జారిపోయేది రెండో వారంలో. మూడో రోజుకే "సగం తగ్గిపోయింది" అనే రోగి ఇంట్లో అందరికీ సంతోషం. అంత తొందరగా వచ్చి, ఒక వారం ఉండి ఒక వారం పోయే మార్పు చాలావరకు ప్లాసిబోదే. రెండు వారాలు ఆగి వచ్చి నిలిచేదే మందుదని పాత పరిశోధకులు గీత గీశారు. మొదటి వారంలోనే మందుకూ ప్లాసిబోకూ తేడా మొదలవుతుందని తర్వాత తేలడంతో ఆ గీత అంత గట్టిది కాదు. గీత ఎలా ఉన్నా, మూడో రోజు వచ్చిన తేలిక పన్నెండో రోజు దిగజారితే ఇంట్లో తీర్పు ఒకటే: "ఈ మాత్ర కూడా పనిచేయలా." పది మాత్రల అట్ట కూడా సరిగ్గా ఆ వేళకే అయిపోతుంది. ఉదయగిరి నుంచి మళ్లీ దాదాపు వంద కిలోమీటర్లు ఎవరొస్తారు? మొదటిసారే నెల రోజుల మాత్రలు రాసి, ఆత్మహత్య భయం ఉంటే వాటిని ఇంట్లోవాళ్ల చేతికిచ్చి, పదో రోజున ఒక ఫోన్ చేస్తే చాలామంది నిలుస్తారు. ఫోన్‌లో అడగడానికి డిప్రెషన్‌ను కొలిచే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 సరిపోతుంది. మొత్తం 27 మార్కులు. అడిగినప్పుడల్లా నోటుపుస్తకంలో రాసుకుంటే, పన్నెండో రోజు దిగజారింది 19 నుంచి 14కు దిగి మళ్లీ 16కు పెరిగిన సంగతని కళ్లకు కనబడుతుంది. మధ్యలో ఆలోచనలు మితిమీరితే ఏ వేళలోనైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీమానస్ 14416కు తెలుగులోనే మాట్లాడొచ్చు.